తెల్ల చీర వెయ్యడానికి నాలుగేళ్ళు

అడ్మిషన్ కౌంటర్లో ఉన్నాయన నా ఫైలు తీసుకుని "అమ్మాయి రాలేదా అమ్మా?" అని అడిగారు. "అమ్మాయికి కాదండీ, నాకే" అన్నాను. అప్లికేషన్ మీద ఉన్న ఫొటో చూశారు, నన్ను చూశారు, లేచి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశారు. అది 2019 జులై. నాకు యాభై మూడేళ్ళు. ముప్ఫయ్యేళ్ళు బ్యాంకులో చేసి, స్వచ్ఛందంగా రిటైరై, విశాఖలో బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ, పెయింటింగులో చేరడానికి వెళ్ళాను.

ప్రవేశ పరీక్షకన్నా కాగితాలే ఎక్కువ కష్టపెట్టాయి. పదో తరగతి, ఇంటర్ సర్టిఫికెట్లలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు. ఆ రెండు పేర్లూ ఒక్క మనిషివేనని స్టాంపు పేపరు మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాను. ఇంటర్ 1983లో అయింది. అప్పట్నుంచి ఇప్పటిదాకా ఏం చేశారో రాసివ్వండి, గ్యాప్ అఫిడవిట్ కావాలి అన్నారు. నోటరీ ఆఫీసులో కూర్చుని బీకాం, బ్యాంకు పరీక్ష, పెళ్ళి, అమ్మాయి పుట్టడం, మూడు బదిలీలు, మామయ్యగారి జబ్బు అన్నీ లెక్కేసుకున్నాను. టైపు చేసే కుర్రాడు వాటన్నిటినీ ఒక్క వాక్యంలోకి కుదించేశాడు: ఉద్యోగ, కుటుంబ బాధ్యతల వల్ల చదువు కొనసాగించలేదు. అందులో తప్పేమీ లేదు. సంతకం పెట్టేటప్పుడు మాత్రం కాసేపు చెయ్యి ఆగింది.

మాది రాజమండ్రి. చిన్నప్పుడు నాన్న నన్ను సైకిలు మీద దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి తీసుకెళ్ళేవారు. రామారావుగారు ఇరవై ఎనిమిదేళ్ళు నిండకుండానే 1925లో పోయారని నాన్న ప్రతిసారీ కొత్తగా చెప్తున్నట్టు చెప్పేవారు. ఆయన భార్య సత్యవాణిగారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మగారు కూడా బొమ్మలు వేసేవారని చెప్పినప్పుడు మాత్రం నా వైపు చూసేవారు. ఆ చూపు వల్లే ప్రభుత్వం పెట్టే డ్రాయింగ్ లోయర్ గ్రేడు పరీక్ష రాశాను, పాసయ్యాను. హయ్యర్ రాద్దామనుకునేసరికి ఇంటర్, ఆ తర్వాత నాన్నకు గుండెపోటు. డ్రాయింగ్ బోర్డు అటక ఎక్కింది.

బ్యాంకులో ఉన్నన్నాళ్ళూ బొమ్మలు మానలేదు. క్యాలెండర్లు, వారపత్రికల ముఖచిత్రాలు చూసి వేసేదాన్ని. అందరూ అచ్చం అలాగే ఉందనేవారు. అచ్చం అలాగే వెయ్యడమంటే బొమ్మ వెయ్యడమేనని నేనూ నమ్మాను. ప్రవేశ పరీక్షలో మెమరీ డ్రాయింగ్ ఉంటుంది. ఏదో ఒక దృశ్యం ఇస్తారు, దాన్ని చూడకుండా వెయ్యాలి. దానికోసం రెండు నెలలు పొద్దున్నే పూర్ణా మార్కెట్టుకు వెళ్ళి నిలబడేదాన్ని. గంప ఎత్తుకునేటప్పుడు మెడ ఎటు వంగుతుంది, బేరమాడేవాళ్ళ చేతులు ఎక్కడుంటాయి, తక్కెడ పట్టిన భుజం ఎంత లేస్తుంది, ఇవి చూసి ఇంటికొచ్చి వేసేదాన్ని. పరీక్షలో బస్టాండు ఇచ్చారు. మార్కెట్లో చూసిన మెడలూ భుజాలే బస్టాండులో పెట్టాను. సీటు వచ్చింది.

మా బ్యాచ్‌లో అందరూ పద్దెనిమిది, పందొమ్మిదేళ్ళ పిల్లలు. మొదటి వారం "మేడమ్" అన్నారు, రెండో వారం నుంచి "ఆంటీ". మాకు డ్రాయింగ్ చెప్పే సారు నాకన్నా పన్నెండేళ్ళు చిన్న. ఆయన నన్ను "అమ్మా" అనేవారు, నేను "సార్" అనేదాన్ని. నాలుగేళ్ళూ అంతే.

మొదటి నెల స్టిల్ లైఫ్. బల్ల మీద ఒక మట్టికుండ, రెండు ఇటుకలు, వెనక ఒక గుడ్డ. గంటలో పూర్తి చేశాను. కుండ చుట్టూ నల్లటి గీత, లోపల వేలితో రుద్దిన షేడింగు. నా బొమ్మే అందరికన్నా శుభ్రంగా ఉందనుకున్నాను. సారు వచ్చి చాలాసేపు చూసి అడిగారు: "కుండ మూతి మీ కంటికన్నా కిందుంది కదమ్మా. గుండ్రంగా ఎలా కనబడుతోంది మీకు?" కుండ మూతి గుండ్రంగా ఉంటుందని నాకు తెలుసు కాబట్టి గుండ్రంగా వేశాను. అక్కడినుంచి చూస్తే అది కోలగా ఉంది, బాగా అణిగిన కోల. చెయ్యి చాచి పెన్సిలు పట్టుకుని, ఒక కన్ను మూసి, ఎత్తెంత వెడల్పెంత అని కొలవడం ఆ రోజు మొదలు. వేలితో రుద్దొద్దన్నారు. రబ్బరు కూడా తీసేసుకున్నారు. తప్పు గీత పడితే పక్కన సరైన గీత వెయ్యండి, తప్పు గీత కూడా అక్కడే ఉండనివ్వండి అన్నారు.

ఇది పిల్లలకన్నా నాకు చాలా కష్టమైంది. బ్యాంకులో ముప్ఫయ్యేళ్ళు కొట్టివేతలు లేని లెడ్జరు రాసిన చెయ్యి ఇది. తప్పు గీత కాగితం మీద ఉండిపోతే నాకు రాత్రి నిద్ర పట్టేది కాదు. ఈ వయసులో చదువు అంటే జ్ఞాపకశక్తి గురించి భయపడతారు చాలామంది. నాకు అది అసలు సమస్యే కాలేదు. ఆర్ట్ హిస్టరీ పరీక్షలు హాయిగా రాశాను. ఇబ్బంది పెట్టింది అప్పటికే బాగా వచ్చు అనుకున్న పని. పిల్లల చేతులకి అలవాట్లు లేవు, కాబట్టి వదిలించుకోవాల్సింది కూడా లేదు. నా చేతికి నలభయ్యేళ్ళ అలవాటు. అది వదలడానికి ఏడాది పైన పట్టింది. రోజుకి ఇరవై స్కెచ్‌లు చెయ్యమన్నారు. ఫిషింగ్ హార్బర్లో వలలు బాగుచేసేవాళ్ళని, రైల్వే స్టేషన్లో నిద్రపోయేవాళ్ళని వేసేదాన్ని. ఎవరైనా కదిలిపోతే స్కెచ్ అక్కడితో ఆగిపోతుంది. సగం బొమ్మల్ని సగంగా వదిలెయ్యడం అక్కడే అలవాటైంది.

మోకాళ్ళ సంగతి కూడా చెప్పాలి. ఈజిల్ ముందు రోజుకి నాలుగు గంటలు నిలబడాలి. మొదట కుర్చీ వేసుకున్నాను. సారు వద్దనలేదు గానీ, కూర్చుంటే బొమ్మ నుంచి వెనక్కి వెళ్ళి చూసుకోలేరు కదమ్మా అన్నారు. నిజమే. పదిహేను నిమిషాలు నిలబడి వెయ్యడం, కాసేపు కూర్చుని దూరం నుంచి చూడటం, ఇలా పెట్టుకున్నాను. నిజానికి అందరూ చెయ్యాల్సిన పద్ధతి అదే. శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక అబ్బాయి నా డ్రాయింగ్ బోర్డు రోజూ మూడో అంతస్తుకి మోసిపెట్టేవాడు. వాడి హాస్టల్ ఫారాలు, బ్యాంకు పనులు నేను చూసేదాన్ని.

లైఫ్ స్టడీలో ఒకరోజు బీచ్‌లో పల్లీలు అమ్మే ఆవిడని మోడల్‌గా కూర్చోబెట్టారు. ఇరవై నిమిషాలు కదలకుండా కూర్చోవడం, ఐదు నిమిషాల విరామం. విరామంలో ఆవిడకి టీ ఇస్తూ మాట్లాడితే తెలిసింది, నాకన్నా ఏడాది చిన్న. నేను వెనక్కొచ్చి పిల్లల బోర్డులు చూశాను. అందరూ ఆవిడని డెబ్బయ్యేళ్ళ ముసలావిడని చేశారు. ముడతలు లెక్కపెట్టి వేశారు. పిల్లలకి ముడతలే ముందు కనబడతాయి, వాళ్ళకి అవి లేవు కాబట్టి. నాకు ఆవిడ నడుము కనబడింది. గంప దించినా నడుము ఇంకా గంప కిందే ఉన్నట్టు వంగి ఉంది. ఆ బొమ్మలో ముఖం దాదాపు వెయ్యనేలేదు, వీపూ నడుమే వేశాను. సారు దాన్ని గోడకి పెట్టారు. కాలేజీలో గోడకెక్కిన నా మొదటి బొమ్మ అది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఆన్‌లైన్ క్లాసుల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఫోన్‌లో బొమ్మ చూపిస్తే రంగు మారిపోతుంది. మట్టి పని అయితే ఫోన్‌లో నేర్పేదే కాదు. బెంగుళూరు నుంచి మా అమ్మాయి రోజూ ఫోన్ చేసి "నీకెందుకమ్మా ఇప్పుడు ఈ టెన్షన్, ఒక ఏడాది ఆపు" అనేది. నాకు ఆపడానికి ఏళ్ళు ఎక్కువ లేవని దానికి చెప్పలేదు.

ఆ రోజుల్లో ఒక్క మంచి జరిగింది. రాజమండ్రిలో తమ్ముడి దగ్గరుండే అమ్మ మా ఇంటికి వచ్చి ఏడు నెలలు ఉంది. నాన్న పోయినప్పట్నుంచి అమ్మ తెల్ల నేత చీరలే కడుతుంది, సన్నటి బూడిదరంగు అంచు. ఆమె చీరలు వాషింగ్ మెషీన్‌లో వెయ్యనివ్వదు. తనే ఉతుక్కుని, ఆఖరి నీళ్ళలో నీలిమందు వేసి, జాడించి ఆరేస్తుంది. 2021 మొదట్లో కాలేజీ తెరిచాక ఆయిల్ పెయింటింగ్ మొదలైంది. తెల్ల గుడ్డ వెయ్యడం అందులో పెద్ద పరీక్ష. నేను అమ్మ చీర తీసుకెళ్ళి కుర్చీ మీద వేశాను, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా.

తెల్ల గుడ్డ వెయ్యడానికి తెలుపు చాలా తక్కువ కావాలి. వెలుగు నేరుగా తగిలే అంచుల్లోనే అసలు తెలుపు. మిగతాదంతా రకరకాల బూడిద. మొదట పల్చటి రంగు టర్పెంటైన్‌తో, తర్వాత లిన్సీడ్ నూనె ఎక్కువగా ఉన్న పొరలు, ఇలా మూడు వారాలు వేశాను. సారు వచ్చి "నీడల్లో నీలం ఉందమ్మా, మీరు వెయ్యలేదు" అన్నారు. చూశాను. నాకు నీలం లేదు. గోధుమ కలిసిన బూడిద ఉంది, అదే వేశాను. రెండోసారి అన్నారు. "లేదు సార్, నాకు కనబడింది వెయ్యమన్నది మీరే కదా" అన్నాను. ఆయన నా పక్కన కూర్చుని చాలాసేపు చీర వైపు చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. ఆ పెయింటింగుకి మార్కులు తక్కువే వచ్చాయి. చాలా బాధపడ్డాను. నేను చూసినదే వేశానని నాకు గట్టి నమ్మకం.

ఆ ఏడాది కళ్ళజోడు రెండుసార్లు మార్చినా రాత్రిపూట బళ్ళ లైట్లు పూలలా విచ్చుకుంటున్నాయి. డాక్టరుగారు చూసి రెండు కళ్ళల్లోనూ శుక్లం ఉంది, కుడి కంట్లో ఎక్కువ అన్నారు. నవంబరులో కుడికంటికి ఆపరేషన్ అయింది. అరగంట కూడా పట్టలేదు. మర్నాడు కట్టు విప్పినప్పుడు ఎదురుగా ఉన్న తెల్ల గోడ చూసి, దీనికి ఏ రంగు వేశారు అని అడిగాను. ఎడమ కన్ను మూస్తే గోడ తెలుపు, అందులోనూ నీలం మెరుపున్న తెలుపు. కుడి కన్ను మూస్తే అదే గోడ పాత పుస్తకం పేజీలా పసుపు. ఇలా ఎన్నిసార్లు కళ్ళు మార్చి చూశానో లెక్కలేదు. పక్కన మా ఆయన కంగారుపడిపోయారు.

దుమ్ము, టర్పెంటైన్ వాసన పడకూడదని నెల రోజులు స్టూడియోకి వెళ్ళలేదు. వెళ్ళిన రోజు ముందుగా రాక్‌లోంచి చీర పెయింటింగు తీశాను. కుడికంటితో చూస్తే నీడలన్నీ మట్టి కొట్టుకుపోయి ఉన్నాయి. ఎడమకంటితో చూస్తే ఎప్పట్లాగే సరిగ్గా ఉన్నాయి. శుక్లం పట్టిన కంటి కటకం పసుపు గాజు లాంటిది. నీలం వెలుగుని చాలావరకు ఆపేస్తుంది. నీలం కలిసిన బూడిద, గోధుమ కలిసిన బూడిద ఆ గాజులోంచి దాదాపు ఒకేలా ఉంటాయి. నాకు తేడా తెలియలేదు, చేతికి అందిన గొట్టంలోది వేశాను. సారుకి చూపించాను. ఆయన ముఖం ఎర్రబడింది. "నేను అరిచానా అమ్మా మీమీద?" అని అడిగారు. లేదు సార్, మీరూ చూసిందే చెప్పారు, నేనూ చూసిందే చెప్పాను అన్నాను. ఆయన ఫ్రెంచి చిత్రకారుడు క్లోద్ మోనే సంగతి చెప్పారు. మోనేకి రెండు కళ్ళల్లోనూ శుక్లాలు వచ్చి, 1923లో ఎనభై రెండేళ్ళ వయసులో కుడికంటికి ఆపరేషన్ అయిందట. అప్పటిదాకా వేసిన తోటల బొమ్మలు ఎరుపు, గోధుమల్లోకి ఎలా వెళ్ళిపోయాయో లైబ్రరీలో పుస్తకం తీసి చూపించారు.

ఎడమకంటికి కూడా చేయించుకోమని డాక్టరుగారు అన్నారు, తొందరేం లేదని కూడా అన్నారు. నేను ఫైనల్ ఇయర్ అయ్యేదాకా ఆగుతానని చెప్పాను. రెండు కళ్ళతో రెండు రకాలుగా చూసే వీలు మళ్ళీ రాదు. అమ్మ తెల్ల చీరనే రెండేసి కాన్వాసుల మీద, ఒకటి ఎడమకంటి చూపు, ఒకటి కుడికంటి చూపు, మూడు జతలు వెయ్యాలని ఫైనల్ ప్రాజెక్టుకి రాసిచ్చాను.

మొదటి జత పాడైంది. కుడికంటికి గుడ్డ కట్టుకుని, ఎడమకంటితో చీర చూస్తూ, ఎడమకంటితోనే రంగు కలిపి వేశాను. పూర్తయ్యాక రెండు కళ్ళూ తెరిచి చూస్తే పసుపు ఎక్కడా లేదు, పాత పెయింటింగులాగే నీడలు మట్టిగా ఉన్నాయంతే. ఎందుకో అర్థం కావడానికి వారం పట్టింది. చీరనీ పసుపు గాజులోంచే చూస్తున్నాను, పాలెట్టునీ అదే గాజులోంచి చూస్తున్నాను. చీర పసుపుగా కనబడితే తెల్ల రంగు కూడా అంతే పసుపుగా కనబడుతుంది, రెండూ సరిపోతాయి. ఎడమ కన్ను చూసింది ఇంకొకళ్ళకి కనబడాలంటే చీరని ఎడమకంటితో చూడాలి, రంగుని కుడికంటితో కలపాలి. ఒక కన్ను మూసి చీర చూడటం, ఆ రంగుని మనసులో పట్టుకుని కన్ను మార్చడం, పాలెట్టు మీద అది వచ్చేదాకా కలపడం. ఒక్క మడతకి ఒక పూట పట్టేది. ఎల్లో ఆకర్ అనే పసుపు మట్టిరంగు నేననుకున్నదానికి రెట్టింపు కావాల్సి వచ్చింది.

ఆ మధ్యలో, 2022 డిసెంబరులో, స్టడీ టూర్‌కి అజంతా వెళ్ళాం. ఒకటో గుహలో గర్భగుడి ద్వారానికి ఎడమవైపు పద్మపాణి బోధిసత్త్వుడి బొమ్మ. అక్కడ వెలుగు చాలా తక్కువ. పిల్లలు ఐదు నిమిషాల్లో చూసి బయటికెళ్ళారు, నేను కళ్ళు మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాను. అజంతాలో ఎరుపు, పసుపు, ఆకుపచ్చ మట్టిరంగులు, నలుపు దీపపు మసి. నీలం మాత్రం లాపిస్ లాజులి అనే రాయి నూరింది, దూరదేశం నుంచి తెప్పించింది. సారు అక్కడ ఇంకో సంగతి చెప్పారు. అజంతా హైదరాబాదు సంస్థానంలో ఉన్నప్పుడు 1920లో నిజాం ప్రభుత్వం ఈ చిత్రాలు రాలిపోకుండా చూడటానికి ఇటలీ నుంచి ఇద్దరు నిపుణుల్ని పిలిపించింది. ఊడిపోతున్న పొరల్ని వాళ్ళు అతికించారు. బొమ్మల మీద లక్కతో చేసిన వార్నిష్ కూడా పూశారు. కాపాడటానికి పూసిన ఆ వార్నిష్ కాలం గడిచేకొద్దీ పసుపెక్కి, కింద ఉన్న రంగుల్ని కప్పేసింది. తర్వాత పురావస్తు శాఖవాళ్ళు దాన్ని జాగ్రత్తగా తీయాల్సి వచ్చింది. పిల్లలు నోట్సు రాసుకుంటున్నారు. నేను రాసుకోలేదు. ఎడమ కన్ను మూసుకుని ఆ గోడమీద నీలం ఎక్కడెక్కడ మిగిలి ఉందో వెతుక్కున్నాను.

2023లో ఫైనల్ డిస్‌ప్లే. గోడకి ఆరు కాన్వాసులు, జతలు జతలుగా. ఎగ్జామినరుగారు బయటి యూనివర్సిటీ నుంచి వచ్చారు. పసుపు కాన్వాసుల ముందు ఆగి ఇది పాత ఫొటోల ప్రభావమా అని అడిగారు. కాదండీ, ఇది నా ఎడమ కన్ను అన్నాను. వైవా అరగంట అనుకుంటే గంట దాటింది. రంగు కలిపిన పద్ధతి మొత్తం అడిగి చెప్పించుకున్నారు. ఫస్ట్ క్లాస్ వచ్చింది. మా శ్రీకాకుళం అబ్బాయి ఆ ఆరు కాన్వాసులూ కిందికి మోసి ఆటోలో పెట్టాడు. ఆటో కదిలేదాకా ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేదు.

జూన్‌లో ఎడమకంటికి కూడా ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండు కళ్ళకీ ఒకటే తెలుపు. ఆ పసుపు ఇక నాకు కనబడదు, మూడు కాన్వాసుల మీద తప్ప.

ఆపరేషన్ అయ్యాక నన్ను చూడటానికి అమ్మ వచ్చింది. ఆమెకి ఎనభై మూడేళ్ళు. రెండు కళ్ళల్లోనూ శుక్లాలు ముదిరాయి, ఎంత చెప్పినా ఆపరేషన్ వద్దంటుంది. హాల్లో పక్కపక్కనే పెట్టిన ఒక జత దగ్గరికి తీసుకెళ్ళి నిలబెట్టాను. తన చీర అని చెప్పలేదు. దగ్గరికెళ్ళి, వంగి, కుడికంటి కాన్వాసు మీద చెయ్యి పెట్టి "ఇది నా చీరే" అంది. తర్వాత పక్కదాని వైపు తిరిగి చాలాసేపు చూసింది.

"దీనికి నీలిమందు పెట్టలేదేమే?" అని అడిగింది.